మీఠా పానీ కింద ఖారా పానీ: కడియం నుంచి కాకినాడ దాకా నీళ్ల తారీఖ్

కడియంలో ఫిల్టర్ పాయింట్ దింపితే మీఠా పానీ పడుతుంది. అక్కడి నుంచి కాలువ గట్టు పట్టుకుని సముందర్ దిక్కుకు దిగుతూ పోతే ఊరు మారేకొద్దీ నీళ్ల జాయకా మారుతుంది. ముందు నాలుక మీద కాస్త జిడ్డుగా అనిపిస్తాయి. ఇంకా దిగితే సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. కాకినాడ, కోరంగి వైపు వెళ్లేసరికి చాలాచోట్ల బోరు నీళ్లతో చాయ్ పెడితే పాలు విరిగిపోతాయి. దూరం చూస్తే యాభై, అరవై కిలోమీటర్లు కూడా లేదు. ఒకే దరియా, ఒకే మట్టి, ఒకే వాన. మరి ఇంత ఫరక్ ఎందుకు?

ఈ సవాల్ ఎవరినడిగినా వెంటనే జవాబ్ వస్తుంది: "సముందర్ దగ్గర కదా, అందుకే ఉప్పు." ఈ జవాబ్ గలత్ కాదు, అధూరా. కోనసీమలో అలల చప్పుడు వినిపించేంత దగ్గర ఇసుక దిబ్బల మీద తవ్విన నూతుల్లో తియ్యటి నీళ్లు తాగిన తరాలున్నాయి. సముందర్‌కు చాలా దూరంలో ఉన్న పొలంలో లోతుగా బోరు వేసి ఉప్పునీళ్లు చూసి మోటారు పీకేసిన కిసాన్లూ ఉన్నారు. అంటే దూరం ఒక్కటే సబబ్ కాదు. అసలు సంగతి తెలియాలంటే తారీఖ్‌లోకి వెళ్లాలి. ఆ తారీఖ్‌లో కొంత జమీన్ రాసుకుంది, కొంత సర్కార్లు రాశాయి, కొంత మనం ఇప్పుడు రాస్తున్నాం.

సముందర్ ఇక్కడిదాకా వచ్చిన రోజులు

గోదావరి దరియా ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. డెల్టా మొదలయ్యేది అక్కడే. కడియం ఆ మొదటి కొసలో, రాజమండ్రికి పక్కనే ఉంది. దీనికి ఎగువన, రాజమండ్రి చుట్టుపక్కల కనిపించే ఎర్రటి ఇసుకరాయిని జియాలజీ వాళ్లు రాజమండ్రి ఇసుకరాయి అంటారు. దిగువకు వస్తే అంతా దరియా మోసుకొచ్చిన ఒండ్రు. ఒక పొర ఇసుక, ఒక పొర బంకమట్టి, మళ్లీ ఇసుక.

ఐదారు వేల ఏళ్లనాడు ఇప్పటి డెల్టాలో చాలాభాగం సముందర్ కింద ఉండేది. దరియా ఏటా మట్టి తెచ్చి పోస్తూ ఉంటే తీరం కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది. అలా జరిగినప్పుడల్లా ఒక ఇసుక గట్టు మిగిలింది. కోనసీమలో సముందర్‌కు అడ్డంగా, వరసలు వరసలుగా కనిపించే ఇసుక మెరకలు ఆ పాత తీరాల నిషానీలే. వాటి మీదే ఊళ్లు వెలిశాయి, కొబ్బరి తోటలు పెరిగాయి. వాన నీళ్లు ఆ ఇసుకలోకి నేరుగా ఇంకి, కింద ఉన్న ఉప్పునీళ్ల మీద తేలుతూ నిలబడతాయి. తీరం పక్కనే తియ్యటి నూతులుండటం వెనక రాజ్ ఇదే.

గట్ల మధ్య పల్లంలో మాత్రం సముందర్ జమానా నాటి బంకమట్టి ఉంది. దాంట్లో ఆనాటి ఉప్పునీళ్లు ఇరుక్కుపోయాయి. బంకమట్టి నీళ్లను వదలదు, కొత్త నీళ్లను లోపలికి రానివ్వదు. కాబట్టి సముందర్ వెనక్కి వెళ్లిపోయినా దాని ఉప్పు జమీన్ లోపలే ఉండిపోయింది. తీరానికి దూరంగా ఉన్న పొలంలో లోతు బోరు ఉప్పు తేలడానికి కారణం చాలాసార్లు ఈ పురానా సముందర్. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ సైంటిస్టులు మధ్య డెల్టాలో చేసిన పరిశోధనల్లో ఈ పాత ఉప్పునూ, ఇవాళ్టి సముందర్ ఉప్పునూ వేర్వేరుగా గుర్తించే ప్రయత్నం చేశారు. మురుగు కాలువల గుండా పోటు నీళ్లు లోపలికి ఎక్కి రావడం కూడా ఒక కారణమని చూపించారు.

దాగిన నీళ్ల ఇల్మ్

జమీన్ కింది నీళ్లను చదివే ఇల్మ్ కొత్తది కాదు. మన దేశంలో ఆరో శతాబ్దం నాటి వరాహమిహిరుడి బృహత్సంహితలో చెట్లు, పుట్టలు చూసి నీటి జాడ చెప్పే అధ్యాయం ఉంది. అబూబక్ర్ ముహమ్మద్ అల్ కరజీ అనే గణిత పండితుడు సుమారు 1017లో 'ఇన్బాత్ అల్ మియాహ్ అల్ ఖఫియ్యా' అనే అరబీ కితాబ్ రాశాడు. దాగిన నీళ్లను వెలికితీయడం అని ఆ పేరుకు అర్థం. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, వాటి రకాలేంటి, కనాత్ అనే భూగర్భ కాలువను వాలు తప్పకుండా ఎలా తవ్వాలి, అందుకు ఏ పరికరాలు కావాలి అని అందులో రాశాడు. ఒక నూతి పక్కన ఇంకొకడు నూయి తవ్వితే మొదటివాడి నీళ్లకు నుక్సాన్ రాకుండా ఎంత జాగా వదలాలి అన్నదీ చర్చించాడు. ఆ వదలాల్సిన జాగాను ఫిఖహ్‌లో 'హరీమ్' అంటారు. ఈ మాటను గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

ఆ ఇల్మ్ దక్కన్‌కు వచ్చింది. బీదర్‌లో కారేజ్‌లు, ఔరంగాబాద్‌లో మలిక్ అంబర్ తవ్వించిన నహర్, 1615 నాటి బుర్హాన్‌పూర్ కుండీ భండారా దాని సబూతులు. కానీ గోదావరి డెల్టాలో అలాంటివి కనిపించవు. కనాత్‌కు వాలు ఉన్న గట్టి నేల కావాలి. ఇక్కడ నేల చదును, మెత్తన, నాలుగు నిలువులు తవ్వితే నీళ్లు. ఇక్కడి మసలా నీళ్లు దొరకడం కాదు, దొరికిన నీళ్లు తియ్యగా ఉండటం.

దానికి హిసాబ్ యూరప్‌లో తేలింది. సముందర్ ఒడ్డున నీళ్ల కోసం తిప్పలు పడ్డ హాలెండ్‌లో బాడోన్ ఘైబెన్ అనే మిలిటరీ ఇంజనీరు 19వ శతాబ్దం చివర్లో, జర్మనీ దీవి నార్డర్నైలో హెర్జ్‌బర్గ్ 1901లో, ఒకరికొకరు సంబంధం లేకుండా ఒకే సూత్రం చెప్పారు. మంచినీళ్ల కన్నా సముందర్ నీళ్లు కొంచెం బరువు. అందుకే తీరపు ఇసుక నేలలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతాయి. సముందర్ మట్టం కంటే మంచినీళ్లు ఒక అడుగు ఎత్తున ఉంటే, వాటి కింద దాదాపు 40 అడుగుల లోతు వరకూ మంచినీళ్లే నిలబడతాయి.

ఈ లెక్క వినడానికి ఖుషీగా ఉంటుంది. కానీ తిరగేసి చదవండి. పైన ఒక అడుగు తగ్గితే, నిలకడ మీద కింద నుంచి ఉప్పు 40 అడుగుల దాకా పైకి రాగలదు. ఒకే చోట పెద్ద మోటారు పెట్టి ఎడతెగకుండా తోడితే ఆ మోటారు కింద ఉప్పునీళ్లు గుంబద్‌లా పైకి లేస్తాయి. ఒకసారి ఆ గుంబద్ పైపును తాకిందంటే మోటారు ఆపినా తొందరగా దిగదు.

సర్కార్ల జమానా

రాజమండ్రిలో 1324లో, అంటే హిజ్రీ 724లో, ఉలుగ్ ఖాన్ దండయాత్ర తర్వాత సాలార్ ఉల్వీ కట్టించిన మసీదు ఉంది. 1571-72లో కుతుబ్‌షాహీలు రాజమండ్రిని తీసుకున్నారు. తర్వాత మొగలులు, నిజాములు. ఉత్తర సర్కార్లలో రాజమండ్రి ఒక సర్కార్. 1765లో షా ఆలం ఫర్మానాతో ఈ సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి.

ఆ జమానా మనకు వదిలిన నిషానీ ఇటుక, రాయి కన్నా మాటల్లో ఎక్కువ. జిల్లా, తాలూకా, తహశీల్దారు, జమీందారు, రైతు, జమాబందీ, ఫసలీ అన్నీ అలా వచ్చినవే. డెల్టా కిసాన్ రోజూ అనే ఖరీఫ్, రబీ కూడా అరబీ మాటలు. ఒకటి ఆకురాలు కాలం, ఇంకొకటి వసంతం. మాటలు వచ్చాయి, లెక్కలు వచ్చాయి, శిస్తు వసూలు ఇంతెజామ్ వచ్చింది. దరియా నీళ్లను మొత్తం డెల్టాకు పంచే ఇంతెజామ్ మాత్రం అప్పటికి రాలేదు. వరద వస్తే పొలం మునిగేది, వాన పోతే ఎండేది. తాగడానికి దరియా, చెరువు, నూయి. అంతే.

కంపెనీ జమానాలో హాల్ ఇంకా బిగడాయించింది. 1832-33లో నందన నామ సంవత్సరపు ఖహత్ వచ్చింది. గుంటూరు వైపు దాన్ని డొక్కల కరువు అన్నారు. 1839 నవంబరులో తూఫాన్ వచ్చి కోరంగి రేవును సముందర్ ముంచెత్తింది. 1789లోనూ అదే కోరంగి అలాగే మునిగింది. అలాంటి ఉప్పెన వచ్చినప్పుడు చచ్చిపోయినవాళ్ల గురించి తారీఖ్ కితాబుల్లో రాస్తారు. బతికినవాళ్లకు మిగిలిన నూతుల గురించి ఎక్కడా రాయరు. ఉప్పెన నీళ్లు నూతిలో నిండి, చుట్టూ ఇసుకలోకి ఇంకితే ఆ నూయి మళ్లీ తియ్యబడటానికి ఎన్నో వానలు పడతాయి. దిగువ డెల్టాలో గరీబు మొహల్లాలు ఆ శిక్షను తరతరాలు భరించాయి.

శిస్తు పడిపోయింది. జనం ఊళ్లు వదిలిపోయారు. కారణం కనుక్కోమని సర్కార్ పంపిన హెన్రీ మాంట్‌గొమరీ 1844లో రిపోర్టు ఇచ్చాడు. ఆ వెంటనే ఆర్థర్ కాటన్ రంగంలోకి వచ్చాడు. అంతకు ముందు తంజావూరు వైపు కొళ్లిడం మీద ఆనకట్టలు కట్టిన తజుర్బా అతనికుంది. ఇసుక మీద రాతికట్ట ఎలా నిలబడుతుందో కావేరి మీది పురాతన కల్లణై చూసి నేర్చుకున్నానని అతనే చెప్పుకున్నాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కల్లా ఆనకట్ట నిలబడింది. లంకలను కలుపుతూ రాతికట్టే రెండు మైళ్లకు పైగా సాగింది. ఆ పనిలో మజ్దూర్లను కూడగట్టి నడిపిన వీణెం వీరన్న పేరు కాటన్ పేరుతో పాటు చెప్పుకోవాల్సిందే. రాళ్లు మోసిన వేల చేతుల పేర్లు ఏ దస్తావేజులోనూ లేవు.

ఎవరూ అనుకోని ఫాయిదా

ఆనకట్ట నుంచి మూడు డెల్టాలకు కాలువలు సాగాయి. తూర్పు, మధ్య, పశ్చిమ. తూర్పు ప్రధాన కాలువ ధవళేశ్వరం నుంచి కడియం మీదుగా పోతుంది. సామర్లకోట, కాకినాడ, కోరంగి, మండపేట కాలువలు ఆ వ్యవస్థలోవే. మధ్య డెల్టాలో వైనతేయ పాయ దాటించి నీళ్లు పంపడానికి గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడక్టు కట్టారు. కాటన్ నజర్ సాగు మీద, పడవల రవాణా మీద ఉంది. జమీన్ కింది నీళ్ల కోసం అతను ఈ కాలువలు తవ్వలేదు.

కానీ జరిగింది చూడండి. మట్టి కాలువ ఏడాదిలో పది నెలలు పారితే దాని అడుగు నుంచి నీళ్లు ఇంకుతూనే ఉంటాయి. వరి పొలంలో నెలల తరబడి నీళ్లు నిలబెడితే అవీ ఇంకుతాయి. కాలువ నింపిన ఊరి చెరువు అడుగూ ఇంకుతుంది. ఇలా 170 ఏళ్లకు పైగా ప్రతి ఖరీఫ్‌లో, ప్రతి రబీలో దరియా నీళ్లు డెల్టా మొత్తం మీద పరుచుకుని కిందికి దిగుతున్నాయి. పైపొరల్లో ఉన్న ఉప్పును కొంచెం కొంచెంగా కడిగి కిందికీ పక్కకీ నెట్టాయి. మనం నూతిలోనో, ఫిల్టర్ పాయింట్‌లోనో తోడుకునే మీఠా పానీలో వాన వాటా ఎంత ఉందో, కాలువ వాటా కూడా అంత గట్టిగా ఉంది. దరియా నీళ్లు వేరు, బోరు నీళ్లు వేరు అనుకోవడం డెల్టాలో కుదరదు. బోరులోంచి వచ్చేది ఎక్కువ భాగం నిన్నటి కాలువ నీళ్లే.

ఇందుకు సబూత్ కావాలంటే కాలువలు కట్టేసే రోజులు చూడాలి. వేసవిలో రబీ అయ్యాక మరమ్మతుల కోసం కాలువలు ఆపేస్తారు. అంతకుముందే మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. కాకినాడ షహర్‌కు అరట్లకట్ట దగ్గరి జలాశయం ఉన్నది ఇందుకే. ఆ వారాల్లో నూతుల మట్టం దిగుతుంది. శివారు ఊళ్లలో నీళ్ల ఉప్పదనం పెరుగుతుంది. జూన్‌లో కాలువ వదిలితే కొన్నాళ్లకు మళ్లీ మట్టం లేస్తుంది.

కాలువలు నుక్సాన్ కూడా తెచ్చాయి, దాచాల్సిన పని లేదు. నీళ్లు పెట్టడానికి చూపించిన శ్రద్ధ నీళ్లు తీయడానికి చూపించలేదు. మురుగు కాలువలు పూడిపోయిన చోట పల్లాలు నిలవనీటితో మగ్గాయి. దోమలు, బోదకాలు డెల్టా జిందగీలో భాగమయ్యాయి. పట్టణాల గలీజు, ఊళ్ల చెత్త అన్నీ కాలువలోకే దిగాయి. తాగే నీళ్లు మోసే కాలువే మురుగు మోసే కాలువగా మారింది. ఇంకేది మంచినీళ్లయితే కిందికి మంచినీళ్లు పోతాయి. ఇంకేది గలీజైతే గలీజే పోతుంది.

కడియం: మొక్కల బస్తీ

కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి. దేశంలో ఎక్కడ కొత్త రోడ్డు డివైడర్ మీద మొక్క నాటినా అది ఈ ఊళ్ల నుంచి లారీలో వచ్చి ఉండొచ్చు. గత శతాబ్దంలో పల్ల వెంకన్న లాంటి కిసాన్లు పూలమొక్కలతో మొదలుపెట్టిన పని ఇప్పుడు జాతీయ రహదారికి రెండు పక్కలా మైళ్ల కొద్దీ నర్సరీలుగా పాకింది. లారీలకు మొక్కలెత్తే కూలీలు, కవర్లలో మట్టి నింపే ఆడవాళ్లు, డ్రైవర్లు, ఎందరి రోజీ రోటీ దీని మీద ఉందో చెప్పక్కర్లేదు.

ఈ తిజారత్ ఇక్కడే ఎందుకు పుట్టింది? ఒండ్రు మట్టి, రైలు, రహదారి, మనుషుల హునర్. ఇవన్నీ నిజమే. కానీ అన్నిటికీ కింద ఉన్నది మీఠా పానీ. ఉప్పు కాస్త ఎక్కువైతే గులాబీ ఆకు అంచు మాడుతుంది, నారు మొక్క ఎదగదు. కుండీలో మొక్కకు పొలంలో మొక్కలా ఉప్పును తప్పించుకునే దారి లేదు. రోజూ పోసిన నీళ్లు ఆవిరైతే ఉప్పు కుండీలోనే పేరుకుంటుంది. డెల్టా తలలో, కాలువ పక్కన, ఇసుక పొర మీద కూర్చున్న కడియానికి ఈ బెడద లేదు. తక్కువ లోతులో ఇసుక పొరలోకి జల్లెడ గొట్టం దింపి, పైన మోటారు పెడితే చాలు. డెల్టాలో ఫిల్టర్ పాయింట్ అనేది దీన్నే.

ఉప్పు లేదు కాబట్టి కడియం నీళ్లకు ఏ ఖతరా లేదనుకోవద్దు. ఇక్కడ భయపడాల్సింది ఉప్పుకు కాదు, నైట్రేటుకు. మొక్కకు వేసిన యూరియా, చల్లిన మందులు, ఇంటి మరుగుదొడ్డి గుంత, ఇవన్నీ అదే ఇసుకలోంచి అదే తక్కువ లోతు నీళ్లలోకి దిగగలవు. ఇసుక నీళ్లను ఎంత తేలిగ్గా ఇస్తుందో, పైనున్న గలీజును అంత తేలిగ్గా కిందికి వదులుతుంది. నైట్రేటుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఉప్పునైతే నాలుక పట్టుకుంటుంది. దీన్ని టెస్ట్ తప్ప ఏదీ పట్టుకోలేదు.

ఝీంగా జమానా

కింది డెల్టాలో కహానీ వేరు. 1980ల చివర, 1990ల్లో టైగర్ రొయ్యల సాగు తీరం వెంట పాకింది. ఝీంగాకు కాస్త ఉప్పదనం ఉన్న నీళ్లు కావాలి. ఏటి నుంచి పోటు నీళ్లు ఎక్కించారు. అవి చాలకపోతే ఉప్పు బోర్లు వేశారు. చెరువులో నిలబెట్టిన ఉప్పునీళ్లు పక్క వరి పొలంలోకి, పక్కింటి నూతిలోకి ఇంకాయి. వేల ఏళ్లుగా బంకమట్టి కింద పడుకున్న ఉప్పును మనమే మోటారు పెట్టి పైకి తెచ్చి మెరక మీద పోసుకున్నాం.

1994-95లో తెల్లమచ్చ వైరస్ ఝీంగా చెరువులను తుడిచిపెట్టింది. అప్పులపాలైన కుటుంబాలు అప్పులతో మిగిలాయి. ఉప్పు పట్టిన నేల ఉప్పుతో మిగిలింది. తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీం కోర్టు 1996 డిసెంబర్ 11న తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలో కట్టిన రొయ్యల చెరువులను తొలగించాలని, వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని, పాడు చేసినవాళ్లే నుక్సాన్ భర్తీ చేయాలని చెప్పింది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి సాగుకు కొత్త దారి తెరిచింది. 2009లో వనామీకి ఇజాజత్ దొరికాక చెరువులు మళ్లీ పెరిగాయి, తీరం దాటి లోపలి వరకూ వచ్చాయి.

రొయ్యల మీద బతికే ఇళ్లు మన కౌమ్‌లోనూ ఉన్నాయి. ఆ రోజీని తేలిగ్గా కొట్టిపారేయడం ఇన్సాఫ్ కాదు. కానీ చెరువు యజమానికి ఫాయిదా వస్తే, నుక్సాన్ పక్కింటి నూతికి వస్తుంది. చెరువు కౌలు మూడేళ్లకు అయిపోతుంది. ఉప్పెక్కిన నూయి మూడేళ్లలో తేరుకోదు. హిసాబ్‌లో ఈ రెండో పద్దు ఎవరూ రాయడం లేదు.

తల ఊళ్లు, శివారు ఊళ్లు

ఇప్పుడు డెల్టా మొత్తాన్ని ఒక ఇంటిగా చూడండి. కడియం తల దగ్గర ఉంది, కోరంగి కాళ్ల దగ్గర. తల ఊళ్లలో కాలువ నిండుగా ఉంటుంది, బోరూ నిండుగా ఉంటుంది. శివారుకు కాలువ చేరేసరికి సన్నబడుతుంది, ఆలస్యమవుతుంది. రబీలో దరియా వట్టిపోతే సీలేరు నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూడాలి. శివారుకు నీళ్లు తగ్గితే పైర్లకే కాదు, కిందున్న మీఠా పానీ పొరకూ మేత తగ్గుతుంది. ఆ పొర పలచబడితే ఉప్పు లేస్తుంది. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ఆర్థర్ కాటన్ బ్యారేజి 1982 నుంచి కాలువలకు నీళ్లిస్తోంది. బ్యారేజి నీళ్లను ఆపగలదు, వదలగలదు. గట్టు మీద తూము పగలగొట్టి ఎక్కువ తీసుకున్న చేతిని ఆపలేదు.

అందుకే కడియంలో మనం కాలువలో పడేసిన ప్లాస్టిక్ సంచి, వృథాగా వదిలిన మోటారు, ఇంకిపోయిన మందు నీళ్లు మన దగ్గరే ఆగిపోవు. నీళ్లు దిగువకే పోతాయి. దిగువన ఉన్నవాడు మన హమ్‌సాయా, అంటే ఇరుగుపొరుగు. మధ్యలో నలభై కిలోమీటర్లున్నా సరే.

ఇంట్లో చేయగలిగిన హిసాబ్

ఉప్పు భయంతో చాలా ఇళ్లల్లో ఇప్పుడు ఆర్వో క్యాన్ తప్ప ఇంకేదీ తాగడం లేదు. భయం మంచిదే, తెలుసుకుని భయపడితే ఇంకా మంచిది. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగే నీళ్లలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 2,000 వరకూ సహించవచ్చు. క్లోరైడ్ 250 లోపు, వేరే దారి లేకపోతే 1,000 దాకా. గట్టిదనం 200 లోపు, వేరే దారి లేకపోతే 600 దాకా. నైట్రేటు 45 దాటకూడదు. దీనికి మాత్రం ఎలాంటి సడలింపూ లేదు. పసిపిల్లలకు పాలు కలిపే ఇంట్లో ఈ చివరి అంకె అన్నిటికన్నా జరూరీ.

చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ ఉప్పును చూపిస్తుంది, సూక్ష్మజీవులను చూపించదు, నైట్రేటును విడిగా చెప్పదు. నీళ్లు కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, ఉప్పూ నైట్రేటూ పోవు. ఆర్వో ఉప్పును తీస్తుంది, కానీ చాలా నీళ్లను వదిలేస్తుంది. ఆ వదిలిన నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో అక్కర్లేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పడానికి ఈ వృథా కూడా ఒక కారణం. కడియం లాంటి తల ఊళ్లో క్యాన్ కొనేముందు మన బోరు అంకె ఎంతో తెలుసుకోవడం అక్లమందీ. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో టెస్ట్ చేయించవచ్చు. జల్ జీవన్ మిషన్ కింద ఊరి ఆడవాళ్లకే ఫీల్డ్ కిట్‌తో టెస్ట్ చేయడం నేర్పించే ఏర్పాటు ఉంది. మన బహెన్‌లు ఆ శిక్షణకు వెళ్లాలి. ఇంట్లో నీళ్ల జిమ్మేదారీ మోసేది వాళ్లే కదా.

ఇక హరీమ్ సంగతి. పశువుల కోసం తవ్విన నూతి చుట్టూ 40 మూరల జాగా వదలాలని ఫిఖహ్ కితాబుల్లో ఉంది. ఆ మూరలు ఇవాళ్టి మోటార్లకు సరిపోవు, కానీ వెనకున్న సోచ్ పాతబడలేదు. నా జమీన్‌లో నేను తవ్వుకున్న నీళ్లయినా పక్కవాడి హక్ దాంట్లో ఉంది. 2002 నాటి వాల్టా చట్టం దాన్నే ఇంకో భాషలో చెబుతోంది. బోరు వేయడానికి ఇజాజత్ తీసుకోవాలి, ఊరికి తాగునీరిచ్చే బావి నుంచి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదు. చట్టం ఉంది. అమలు చేయించే నిఘా ఊరు పెట్టుకోవాలి.

మసీదుల విషయంలో ఒక మాట. పాత మసీదుల్లో హౌజ్ ఉండేది. వుజూకు ఎన్ని నీళ్లు పోతున్నాయో కంటికి కనిపించేది. నల్లా వచ్చాక ఆ లెక్క కనిపించకుండా పోయింది. పారే దరియా ఒడ్డున కూర్చున్నా వుజూలో నీళ్లు దుబారా చేయొద్దని మనకు చెప్పారు. దరియా ఒడ్డున కూర్చున్న ఊరివాళ్లం మనమే. వుజూ నీళ్లను డ్రైనేజీలో కలపకుండా మొక్కలకు మళ్లించడం ఏ కమిటీకైనా పెద్ద ఖర్చు కాదు. తీరం వైపు ఇసుక మెరక మీదున్న మసీదులైతే కప్పు మీద పడిన వానను వడగట్టి పాత నూతిలోకి దించవచ్చు. అక్కడ ప్రతి అంగుళం మంచినీరు ఉప్పును కిందికి తొక్కుతుంది. కడియం వైపు మట్టం ఎలాగూ పైకే ఉంటుంది కాబట్టి అక్కడ పని వేరు. నూతి చుట్టూ గట్టు కట్టడం, మరుగుదొడ్డి గుంతను దూరం జరపడం, పాడుబడిన నూతిని చెత్తకుండీ చేయకుండా మూత వేయడం.

మీ ఊరు తలదైనా శివారుదైనా ఒక పని మొదలుపెట్టండి. ఒక నోట్‌బుక్ తీసుకుని ఏటా రెండుసార్లు మీ నూతి మట్టం, నీళ్ల టీడీఎస్, వీలైతే నైట్రేటు రాయండి. కాలువలు కట్టేసిన తర్వాత వేసవిలో ఒకసారి, జూన్‌లో వదిలిన రెండు నెలలకు ఇంకోసారి. తారీఖు వేయండి, మసీదు గోడ మీదో మదరసా బోర్డు మీదో అంటించండి. అయిదేళ్ల తర్వాత మీ మొహల్లా నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పడానికి ఇంకో రిపోర్టు అక్కర్లేదు. పంచాయతీకి వెళ్లి అడిగేటప్పుడు చేతిలో సబూత్ ఉంటుంది.